ముసలాడి ఆఖరి మాట

ఉదయం పెద్దాయన కాఫీ తాగుతుంటే పక్కగదిలోంచి తన మాటే తనకు వినిపించింది.

"ఆ నవ్వేది ఎవరు?"

గొంతు మాత్రం ఏడేళ్ల మనవరాలిది. చేతులు వెనక్కి కట్టుకుని, నడుం వంచి, అద్దం ముందు పచార్లు చేస్తోంది. "గదిలో మనిషి లేడు, ఆ ఫ్యాను ఎవరి కోసం తిరుగుతోంది? పాట అయిందా? ఇక నోరు మూసుకో."

ఆయన కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఇంట్లో స్విచ్చులన్నీ ఆయన చేతి కిందే. మనుషులు కూడా.

"ఏమిటే అది?"

పిల్ల చటుక్కున అరచేత్తో నోరు మూసుకుంది. ఆయన్ని చూస్తే ఎప్పుడూ అంతే. మా మనవరాలి అణకువ చూడండని ఆయన బంధువులందరికీ చెప్పుకునేవాడు.

వంటింట్లోంచి కోడలు వచ్చింది. "నాటకంలో ముసలాడి మాటలు మామయ్యగారూ."

ఆమె పిల్లల చేత నాటకాలు వేయిస్తుంది. ఈసారిది, చిన్నపిల్లల పాటల్లోని మనుషులూ జంతువులూ అంతా ఒకే ఊళ్లో ఉండే పాత సంగీత నాటకం. పాటంటే పడని ముసలాడొకడు గొర్రెపిల్లనీ పిల్లినీ చందమామనీ కొట్లో పెట్టి తాళం వేస్తాడు. ఆఖరికి మారతాడు. పాత మాటలు ఇప్పటి పిల్లలకు ఎక్కడం లేదని ఆమె కొత్తగా రాస్తోంది.

"అంటే నీ కంటికి నేను రాక్షసుణ్ణా? నన్ను స్టేజీ ఎక్కించి నలుగురి చేతా నవ్విస్తావా?"

పక్కన కూర్చుని పేపరు చదువుతున్న కొడుకు దాన్ని ఇంకాస్త పైకెత్తుకున్నాడు.

"ఆ మాటలు నేను రాయలేదండీ."

"మరెవరు రాశారు, గొర్రెపిల్లా?"

"చెడ్డ ముసలాడు ఏమంటాడని పిల్లల్నే అడిగాను. మిగతావాళ్లు చంపేస్తా, నరికేస్తా అన్నారు. ఇది చెప్పినవి విన్నాక ఒక్కరూ కిక్కురుమనలేదు." ఆమె చీరచెంగుతో చేతులు తుడుచుకుంది. "ఎవరి మాటలో తెలిసే పెట్టాను. నాకూ సిగ్గుగానే ఉంది."

"తీసెయ్. లేకపోతే పిల్ల ఆ నాటకానికి రాదు."

"తీసేస్తాను. సాయంత్రం రిహార్సల్‌కి మీరే వచ్చి చూసి, ఏవి తీయాలో చెప్పండి."

సాయంత్రం ఆయన హాల్లో చివరి వరుసలో కూర్చున్నాడు. ముసలాడి వేషం వేసిన మందుల షాపాయన నడుం వంచుకుని వచ్చాడు. "ఆ నవ్వేది ఎవరు?"

స్టేజీ నిండా ఉన్న పిల్లలంతా ఒక్కసారిగా అరచేతుల్తో నోళ్లు మూసుకున్నారు.

అణకువ అని ఊరంతా చాటుకున్నది ఇదే. ఆయన తల దించుకున్నాడు.

"మరి ఆఖర్న నేనేమనాలమ్మా?" మందుల షాపాయన అడిగాడు. "ఆ సీను ఇంకా రాయనేలేదు."

కోడలు కూతురి వైపు చూసింది.

"తెలీదు," అంది పిల్ల. "తాతయ్య మంచిగా ఎప్పుడూ ఏం అనలేదుగా."

ఏవి తీయాలో చెప్పకుండానే ఆయన ఇంటిదారి పట్టాడు. కోడలూ అడగలేదు.

మర్నాడు ఉదయం పిల్ల ముందుగదిలో నేల మీద కూర్చుని, అట్టతో గొర్రెపిల్ల చెవులు కత్తిరిస్తూ పాడుకుంటోంది. ఆయన గుమ్మంలోకి రాగానే పాట ఆగింది. చెయ్యి నోటి మీదికి వెళ్లింది.

"పాడు," అన్నాడు.

పిల్ల పాడలేదు. స్విచ్చి వేయగానే వెలగడానికి అది దీపం కాదు.

ఆయన గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. "ఆ ముసలాడు ఆఖర్న ఏమనాలో నాకూ తెలీదే. తప్పయిందనడం వాడికి చేతకాదు."

పిల్ల కత్తెర పక్కన పెట్టి ఆలోచించింది. "ఏమీ అనొద్దులే. మాతో కూర్చుంటే చాలు."

ఆయన గోడ ఆసరాతో కిందికి వంగాడు. సగంలో మోకాళ్లు రెండూ పటపటమన్నాయి. పిల్ల కిసుక్కున నవ్వింది. అలవాటుగా చెయ్యి పైకి లేచింది.

ఆయన ఆ చేతిని అందుకుని తన ఒళ్లో పెట్టుకున్నాడు. పిల్ల నవ్వుతూనే ఉంది. కళ్లెత్తి ఆ మొహం చూడడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

నాటకంలోంచి ఒక్క మాటా తీయమనలేదు.