క్వారీ గట్టు మీద గుడారం

గాజువాక దాటాక, కొండ వారన పాడుబడిన రాళ్ళ క్వారీ ఒకటుండేది. రేవు పనులకని రాళ్ళు తీసి తీసి, ఊటనీళ్ళు పైకొచ్చేసరికి వదిలేశారు. పగలు చూస్తే మామూలు గొయ్యే — పచ్చటి నీళ్ళు, చుట్టూ తుమ్మకంపలు. పొద్దువాలితే మాత్రం అటు ఎవరూ పోయేవారు కాదు. గొర్రెలు కాసేవాళ్ళు కూడా ఎండ ఉండగానే మందని మళ్ళించుకునేవారు.

రాళ్ళు కొట్టే ఒకావిడ కూతురు ఆ నీళ్ళల్లో జారిపడిందనీ, ఎంత వెతికినా దొరకలేదనీ చెప్పుకునేవారు. చీకటి పడ్డాక గట్టు మీంచి సన్నటి గొంతు వినిపిస్తుందట — "అమ్మా... సలేత్తంది..." అని.

పలికితే ఇంక అంతేనట. పలికినవాళ్ళ పిల్లల్ని నీళ్ళల్లోకి తీసుకుపోతుందట.

అలాంటి గట్టు మీద అసిరమ్మ గుడారం వేసింది.

ఈ సంగతి నాకు చెప్పింది ఆవిడ కూతురు నాగమణి. ఆటోనగర్లో మా వర్క్‌షాపు పక్కనే తన టిఫిన్ బండి. ఇది జరిగేనాటికి తనకి ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో. తమ్ముడు ఇంకా చిన్నవాడు.

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. విజయనగరం అవతలి పల్లెల నుంచి జనం మూటాముల్లె సర్దుకుని దిగిపోతున్నారు. అసిరమ్మ, ఆవిడ మొగుడు జగ్గారావు కూడా అలా మట్టిపనికి వచ్చినవాళ్ళే. రోడ్డు పక్క మైదానంలో కూలీల క్యాంపు. టార్పాలిన్లు, గోనెపట్టాలు, ఒకదాన్నొకటి ఆనుకుని గుడారాలు. తలుపు లేదు, తాళం లేదు. ఎవరి సామాను ఎప్పుడు పోతుందో తెలీదు.

ముందు అసిరమ్మ ఇత్తడి బిందె పోయింది. తర్వాత బియ్యం మూట. ఆ తర్వాత ఒక రాత్రి గుడారం అంచు మెల్లగా లేచి, ఓ చెయ్యి లోపలికొచ్చి నాగమణి కాలి పట్టీలు తడిమింది. పిల్ల కెవ్వుమంది. చెయ్యి మాయమైపోయింది.

తెల్లారగానే అసిరమ్మ గుడారం మేకులు పీకేసింది.

"ఎక్కడికే?" అన్నాడు జగ్గారావు.

"క్వారీ గట్టుకి."

మేస్త్రీ శ్రీరామ్మూర్తి మంచివాడు. పరుగున వచ్చి అడ్డం పడ్డాడు. "ఒద్దమ్మా, అది మంచి సోటు కాదు. సంటి పిల్లలున్నోల్లు" అన్నాడు.

అసిరమ్మ మూట నెత్తిన పెట్టుకుంటూనే జవాబు చెప్పింది. "దెయ్యం నా బిందె ఎత్తుకుపోద్దా బాబూ? నా గుంట పట్టీలు లాగుద్దా? ఆ పన్లన్నీ ఇక్కడ మనుసులే సేత్తన్నారు. అక్కడికైతే ఒక్కడూ రాడు. నాకు కావల్సిందదే."

జగ్గారావు ట్రంకుపెట్టె ఎత్తుకుని వెనకే నడిచాడు.

నీళ్ళకి వీపు పెట్టి, గుమ్మం రోడ్డు వైపుకి వచ్చేలా గుడారం కట్టారు. ట్రంకుపెట్టె ఒక పక్క గోడలాగా పెట్టారు. మిగిలిన గిన్నెలూ గరిటెలూ తాడుకి గుచ్చి, గుమ్మానికి అడ్డంగా వేలాడదీసింది అసిరమ్మ — ఎవరు తగిలినా గలగలమనేలా. గునపం జగ్గారావుకిచ్చి గుమ్మం దగ్గర పడుకోమంది. తను పిల్లల మధ్యన పడుకుంది.

లాంతరు ఒత్తి తగ్గించారు. దూరంగా రేవులో ఆగిన ఓడల దీపాలు. యారాడ కొండ మీద లైట్‌హౌసు వెలుగు ఆకాశం మీద తిరిగి తిరిగి పోతోంది. గూడ్సుబండి ఒకటి కూత వేసుకుంటూ పోయింది. తర్వాత ఇంక ఏ చప్పుడూ లేదు.

నాగమణికి కళ్ళు మూతలు పడుతున్నాయి...

"అమ్మా..."

సన్నటి గొంతు. చాలా దూరంగా.

అసిరమ్మ చేతులు చీకట్లో పిల్లల్ని తడిమాయి. కూతురుంది. కొడుకున్నాడు. ఇద్దరూ తన పక్కనే ఉన్నారు.

"అమ్మా... సలేత్తంది..."

ఈసారి గట్టు మీద.

"పలక్కే," అన్నాడు జగ్గారావు. "నీ కాల్మొక్కుతాను... పలక్కు."

టప్... టప్... టార్పాలిన్ అవతల, రాయి మీద నీళ్ళు కారుతున్న చప్పుడు. వాన లేదు. గుడారం చుట్టూ తిరుగుతోంది ఆ చప్పుడు. గుమ్మం ముందుకొచ్చి ఆగింది.

"అమ్మా..."

"ఎల్లిపోదామే," జగ్గారావు పాక్కుంటూ దగ్గరికొచ్చాడు. "సామాను పోతే పోయింది. పిల్లల్నెత్తుకుని..."

"ఎక్కడికి ఎల్తాం బావా? మళ్ళీ ఆ కేంపుకా? ఆ సేతుల మద్దికా? నాను ఎల్లను."

లేచి కూర్చుంది అసిరమ్మ. జుట్టు ముడి వేసుకుంది. గుమ్మం వైపు తిరిగింది.

"ఓలె గుంటా, ఇను," అంది. అరవలేదు. పొరుగింటి పిల్లని మందలించినట్టు అంది. "నా పిల్లల్ని నీల్లకాడికి పిల్సినావంటే నాను ఊరుకోను. నీ గొయ్యంతా మట్టేసి పూడ్సేత్తాను. నా పనే అది. సలేత్తందా — లోపలికొచ్చి తొంగో. దుప్పటుంది. అంతేగాని బయట నిలబడి ఏడవకు. తెల్లారితే మాకు పనుంది."

గాలి ఆగిపోయింది.

గుమ్మం పట్టా కొద్దిగా లేచింది... మళ్ళీ పడింది. తాడుకి కట్టిన గిన్నెల్లో ఒక్కటీ మోగలేదు.

బావిలోకి తొంగి చూస్తే మొహానికి కొట్టే చల్లదనం గుడారమంతా నిండింది. జగ్గారావు ఉన్నచోటే బోర్లా పడి రెండు చేతులతో తల కప్పుకున్నాడు. అసిరమ్మ మాత్రం దుప్పటి కొసని కొడుకు అవతలకి, ట్రంకుపెట్టె వైపుకి విసిరేసి పడుకుంది. నాగమణి అటు చూడలేదు. చూడకూడదని తనకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఎంతసేపైందో...

కర్ర్...

ఇది వేరే చప్పుడు. ట్రంకుపెట్టె వైపు టార్పాలిన్ మెల్లగా చీలుతోంది. కత్తి మొన. తర్వాత చీలికలోంచి సన్నటి వెన్నెల. తర్వాత ఓ చెయ్యి — నల్లటి, బలమైన మగ చెయ్యి. పెట్టె గడియ తడిమింది. గడియ వదిలి కిందికి దిగింది. దుప్పటి అంచు పట్టుకుంది.

అక్కడే ఆగిపోయింది.

బయట మగవాడి గావుకేక. చెయ్యి వెనక్కి లాక్కోవాలని చూస్తోంది, రావడం లేదు. టార్పాలిన్ అంతా ఊగిపోతోంది. వాడు ఏడుస్తున్నాడు, బతిమాలుతున్నాడు. ఉన్నట్టుండి చెయ్యి జారిపోయింది. తుమ్మకంపల్లో పడి పరిగెడుతున్న చప్పుడు.

అప్పటికి జగ్గారావుకి ధైర్యం వచ్చింది. ఏడ్చేది మనిషే కదా. గునపం తీసుకుని వెంటపడ్డాడు.

కంపల్లో ఇరుక్కుని దొరికినవాడు వీర్రాజు. క్యాంపుకి నీళ్ళు తెచ్చే ట్యాంకరు మీద పని చేసేవాడు. గట్టు మీద ఒంటరి గుడారం, అరిచినా వినేవాడుండడని వచ్చాడట. ఒళ్ళంతా ముళ్ళు గీరుకుపోయినా వాడి ధ్యాస మణికట్టు మీదే ఉంది. "వదల్లేదు... ఐసుగడ్డలాగ... తడిగా..." అదే మాట. వాడి పాక వెతికితే అసిరమ్మ బిందెతో పాటు క్యాంపులో సగం మంది గిన్నెలు బయటపడ్డాయి.

పొద్దున్న గట్టు మీద జనమంతా పోగయ్యారు. "ఏటమ్మా, ఏటి జరిగింది?" అన్నాడు శ్రీరామ్మూర్తి, గొయ్యి వైపు బెరుగ్గా చూస్తూ.

"జరిగేదేటి బాబూ, నానే," అంది అసిరమ్మ. "కడవలో సెయ్యి ముంచి ఆడి సెయ్యట్టుకున్నాను. దెయ్యమనుకుని సచ్చేడు."

జనం విరగబడి నవ్వారు. మేస్త్రీ నవ్వాడు. జగ్గారావు కూడా చివరికి నవ్వాడు. మరి ఆ గొంతో, అని ఎవరో అడిగితే, కంపల్లో గాలి దూరితే అలాగే ఉంటాదంది.

ఆ వారంలోనే మరో రెండు కుటుంబాలు గట్టు మీదికి వచ్చేశాయి. వానాకాలం వచ్చేసరికి అక్కడో చిన్న పేటే వెలిసింది. ఎవరి గిన్నె కూడా పోలేదు. ఏ పిల్లకీ ఏమీ కాలేదు.

"మీ అమ్మ గట్టి మనిషి," అన్నాను నేను, కథ అయిపోయిందనుకుని.

నాగమణి పెనం మీద నీళ్ళు చల్లి, చీపురుతో తుడిచింది. నా వైపు చూడలేదు.

"అమ్మ అందరికీ అలాగే సెప్పింది. నానూ అందరికీ అలాగే సెప్తాను. కానీ ఆ రాత్రి నాను నిద్దరపోనేదు బాబూ. అమ్మ కుడి సెయ్యి నా మీదుంది. ఎడం సెయ్యి తమ్ముడి మీదుంది. ఆడు అరుత్తన్నంతసేపూ మా ఇద్దర్నీ అదుముకునే ఉంది. తెల్లారేదాకా ఆ రెండు సేతులూ తియ్యనేదు."

"మరి..."

"నానూ అడిగేను, పెద్దయ్యాక. ఆ సెయ్యి ఎవల్దే అమ్మా అని. బియ్యం సెరుగుతంది. తలెత్తనేదు."

"ఏమంది?"

"మన దుప్పట్లో తొంగున్నది, మన గుడారానికి కాపలా కాయదేటే... అంది."