కిటికీ పక్క సీటు మృదంగానిది

మారియప్పను చంపినవాడు తొందరపడలేదు. హోసూరు బజారులో ఆయన అంగడి ముందు చాప మీద కూర్చుని, మూడో మృదంగానికి వార్లు బిగించడం అయ్యేదాకా ఓపిగ్గా చూసి, ఆ తర్వాత మిగిలిన తోలు వారునే ఆయన మెడకు బిగించాడు. పోలీసులు వచ్చేసరికి మృదంగాలు మూడూ లేవు, మారియప్ప మాత్రం పని చేసిన చోటే ఒరిగి ఉన్నాడు. 1964 ఫిబ్రవరిలో ఒక గురువారం సాయంత్రం జరిగిందిది.

మర్నాడు మధ్యాహ్నం అదే బజారులో శ్రీరంగయ్య జవుళి అంగడికి ఒక గిరాకీ వచ్చాడు. చంకలో ఇన్సూరెన్సు బ్యాగు, జేబులో ఫౌంటెన్ పెన్ను.

“అంచు లేని ధోవతులు ఉండాయా?”

“అంచు ఉండేవే అయిపోయినాయి. లోపలికి రాప్పా.”

కోడ్ వర్డ్ సరిపోయింది. వచ్చినవాడు ఏజెంట్ నలభై ఒకటి, అసలు పేరు తిమ్మరాజు. శ్రీరంగయ్య అతనికి చీఫ్. ఇక చచ్చిపోయిన మారియప్ప తిమ్మరాజుకు తోడబుట్టిన అన్న. ఇలాంటి అసైన్‌మెంట్ ఏ డిపార్ట్‌మెంటూ ఏ మనిషికీ ఇవ్వకూడదు. కానీ డిపార్ట్‌మెంట్లకు అన్నదమ్ములుంటారా ఏమిటి!

శ్రీరంగయ్య ఒక తాను విప్పి పరిచి, బేరం చేస్తున్నట్టే గొంతు తగ్గించాడు.

“బెంగుళూరు డ్రాయింగ్ ఆఫీసులోనుంచి రాడార్ ప్లాన్లు పోయినాయి. మైక్రోఫిల్మ్. విదేశీ ముఠా పని. ఒక డాన్స్ ట్రూపు క్రిష్ణగిరిలో ప్రోగ్రాం ఇచ్చి, రేపు పొద్దున ఏడు గంటల ఫ్లైటుకు కొలంబో పోతాది. వాళ్ల మృదంగాలు మూడూ తోలు మార్చేదానికి మీ అన్న దగ్గరికి వచ్చినాయి. ఫిల్మ్ వాటిలో ఒకదాని పొట్టలో ఉండాది.”

“ఎవరు చెప్పినారు?”

“పుష్పవతి.”

పుష్పవతి ఆ ట్రూపులో నర్తకి. నల్లకళ్లద్దాలు, పట్టుచీర, ఎవరినైనా తల తిప్పించే నడక. ముఠాలో ఉంటూనే రెండేళ్లుగా మనకు వార్తలు పంపుతున్న మనిషి. ఆమె నవ్వితే తిమ్మరాజు రెండు రోజులు రిపోర్టు రాయడం మరిచిపోయేవాడు.

“మూడూ కోసేస్తే సరిపోయె కదా సార్?”

“అట్ల కాదప్పా. వాళ్లు సర్కారు అతిథులు. ఢిల్లీ ఒక్కటి తెరవమని పర్మిషన్ ఇచ్చింది. ఒక్కటే. అది తప్పు అయితే మిగతావి ఎగిరిపోతాయి.” శ్రీరంగయ్య తాను చుట్టడం మొదలుపెట్టాడు. “ఇంకొకటి. ఫైల్లో మీ అన్న పేరు కూడా చేరింది. ముఠా మనిషనే రాసుకున్నారు. ఫిల్మ్ పెట్టింది ఆయన చేతులే కదా.”

తిమ్మరాజు బ్యాగు చంకలో పెట్టుకుని అంగడి దిగాడు.

అక్కణ్ణుంచి అన్న ఇంటికి వెళ్లాడు. వదిన కదిరమ్మ గడప దగ్గరే ఉంది. వీధిలో ఎవరూ పలకరించడం లేదు. శవాన్ని కూడా పోలీసులు ఇంకా ఇవ్వలేదు.

“మీ అన్న దేశాన్ని అమ్మినాడంట తిమ్మా. ఆయప్ప ఎవురికన్నా నల్ల కరణి పూత తక్కువేసి మృదంగం అమ్మినోడు కూడా కాదే!” కదిరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. “నువ్వూ నమ్మినావా?”

“లేదు వదినా.”

“అట్లయితే పోయి చెప్పు వాళ్లకి.”

చెప్పాలంటే సాక్ష్యం కావాలి. అంగడిలో అన్న కత్తి మాత్రం దొరికింది, వార్లు కోసే చిన్న వంపు కత్తి. దాన్ని నడుముకు దోపుకున్నాడు. అన్నకు తన ఉద్యోగం గురించి ఎప్పుడూ చెప్పలేదు. ఆయనే ఒకసారి నవ్వుతూ, “ఇన్సూరెన్సంటావు, వేప్పనపల్లిలో ఒక్క పాలసీ అమ్మినట్ల లేదే నువ్వు!” అన్నాడు. ఆ తర్వాత మళ్లీ అడగలేదు. ఇంకోసారి అడిగింది వేరే సంగతి. “నేను చేసినవి ఏరోప్లేన్లో పోతాయంట కదరా. ఆడ కింద సామాన్ల గదిలో చలికి తోలు బిగుసుకోదా? నాకొకసారి ఎక్కి చూడాలని ఉండాది.” తిమ్మరాజు చూద్దాంలే అన్నాడు.

మర్నాడు పొద్దున ఆరున్నరకు బెంగుళూరు విమానాశ్రయంలో అతను ఖాకీ చొక్కా లోడర్. శ్రీరంగయ్య పూలదండతో, ట్రూపును సాగనంపే పెద్దమనిషి వేషంలో ఉన్నాడు. ట్రూపు మృదంగ విద్వాంసుడికి జబ్బు చేసిందని బదులు వచ్చిన మునిరాజు, ఒక మృదంగాన్ని పసిబిడ్డలా ఎత్తుకుని నిలబడ్డాడు. దానికి ప్రత్యేకంగా టికెట్ కొన్నారు. సీట్ నంబర్ ఫోర్ బి, ప్యాసింజర్ పేరు మిస్టర్ మృదంగం. కౌంటర్‌లో గుమాస్తా ఆ పేరు రెండుసార్లు చదువుకుని నవ్వాడు. మిగతా రెండూ గుడ్డ ఉరలు తొడిగి లగేజీ బండిలో పడేశారు.

పుష్పవతి పక్కనుంచి పోతూ హ్యాండ్‌బ్యాగు జారవిడిచింది. తిమ్మరాజు వంగి అందించాడు.

“టికెట్ ఉన్నదే,” అంది పెదవి కదలకుండా. “సీట్లో కూర్చునేదే కొయ్యి.”

సరిపోయిందనుకున్నాడు. కానీ బండి తోసుకుంటూ విమానం కిందికి వచ్చాక చెయ్యి ఆగింది. లగేజీలో పోయేవీ అన్న చేసినవే. అన్న ఆఖరి పని. కడసారి తాకి చూద్దామనిపించింది, అంతే.

మొదటి ఉర ముడి విప్పాడు. ఎడమ తల మీద తోలు శుభ్రంగా ఉంది. రెండోది విప్పాడు.

ఎడమ తల మధ్యలో బొంబాయి రవ్వ ముద్ద, నిన్నటి అట్టులాగా ఎండి, పగిలి, అతుక్కుని ఉంది.

నాదం సరిచూడ్డానికి ఎడమ తలకు రవ్వ తడిపి అద్దుతారు. వాయించడం కాగానే గీకేస్తారు. గీకకుండా ఉర తొడిగితే తోలు చెడుతుంది. చిన్నప్పుడు గీకడం తిమ్మరాజు పని. ఒకరోజు మరిచిపోతే అన్న కొట్టినంత పనిచేశాడు. అలాంటివాడు ప్రయాణానికి పోయే మృదంగానికి రవ్వ ఉంచి పంపుతాడా? ఛస్తే పంపడు. ఎదురుగా చంపేవాడు కూర్చుని చూస్తుంటే, నోరు విప్పలేక, చేతనైన ఒక్క గుర్తు పెట్టి పంపాడు. ఆ కూర్చున్నవాడు నిజమైన విద్వాంసుడైతే వెంటనే గీకమనేవాడు. విద్వాంసుడి బదులు వచ్చిన మునిరాజుకు ఆ సంగతే తెలీదు.

మొదటి ఇంజన్ గర్జించింది. మెట్లు లాగేస్తున్నారు. పుష్పవతి మాట పైన ఉన్నదాన్ని కొయ్యమంటోంది, అన్న చెయ్యి కింద ఉన్నదాన్ని. కోయడానికి ఒక్కటే.

“అన్నా, తప్పు చేస్తే క్షమించు,” అని వంపు కత్తి తీసి ఎడమ తల అడ్డంగా కోశాడు. లోపలికి చెయ్యి పెట్టి పనస చెక్క గోడ తడిమాడు. మైనంతో అతికించిన చిన్న రేకు డబ్బీ వేళ్లకు తగిలింది.

“ఆపండి ఫ్లైట్!” దూరంనుంచి డబ్బీ చూసిన శ్రీరంగయ్య పూలదండతోనే రన్‌వే వైపు పరుగెత్తాడు.

మునిరాజు సగం లాగిన మెట్ల మీదనుంచి దూకాడు. చేతిలో పిస్తోలు. తిమ్మరాజు తన ఫౌంటెన్ పెన్ను తీసి గురిపెట్టి నొక్కాడు. డిపార్ట్‌మెంట్ గొప్పగా ఇచ్చిన పెన్ పిస్టల్ అది. సిరా కారింది. చేసేదిలేక లగేజీ బండిని కాళ్ల మీదికి తోశాడు. మునిరాజు బోర్లా పడ్డాడు, మెకానిక్కుల వేషంలో ఉన్న పోలీసులు మీద పడ్డారు.

తప్పుదారి పట్టించిన పుష్పవతిని మెట్లు దించేటప్పుడు ఆమె అద్దాలు తీసేసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“మీ అన్నను చంపుతారని నాకు తెలీదు తిమ్మరాజూ. ఒట్టు.”

“రవ్వ గీకాలని కూడా తెలీదు మీకు,” అన్నాడు తిమ్మరాజు. బండి చాటుకు పోయి, తెగిన మృదంగం ఒళ్లో పెట్టుకుని, రెండు రోజులుగా దాచుకున్నదంతా ఏడ్చాడు.

ఆ సాయంత్రమే ఫైల్లో మారియప్ప పేరు పక్కన రాసిన మాట కొట్టేశారు. శవం ఇంటికి వచ్చింది. వీధి వీధంతా వచ్చింది. కదిరమ్మ తిమ్మరాజు చెయ్యి చాలాసేపు వదల్లేదు.

వారం తర్వాత సాక్ష్యంగా ఆ తెగిన మృదంగాన్ని ఢిల్లీకి చేర్చాలని ఆర్డర్ వచ్చింది. లగేజీలో వేస్తే చాలన్నారు. తిమ్మరాజు ఒప్పుకోలేదు.

“కింద చలి సార్. సీటు కావాల.”

శ్రీరంగయ్య అతని మొహం చూసి, రెండు టికెట్లకు సంతకం పెట్టాడు.

విమానంలో మృదంగాన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి బెల్టు బిగించాడు. ఎయిర్‌హోస్టెస్ టాఫీల పళ్లెంతో వచ్చి, ఆ సీటు ఎవరిదని అడిగింది.

“మా అన్నది. ఆయనకిదే మొదటిసారి.”

ఆ అమ్మాయి తెగిన తోలు వైపు, అతని కళ్ల వైపు చూసి, అతని అరచేతిలో ఒక టాఫీకి బదులు రెండు పెట్టి వెళ్లిపోయింది. ఒకటి తను తిని, రెండోది అన్న వంతని మృదంగం లోపల పెట్టాడు.

ఢిల్లీలో అప్పగింత రసీదు మీద తిమ్మరాజు రూలు ప్రకారం అన్నీ రాశాడు: మృదంగం ఒకటి, ఎడమ తల తెగినది, రవ్వ గీకలేదు, టాఫీ ఒకటి.