తిప్పకూడని రీలు

ఆ రేడియో స్టేషనులో మూడో నంబరు గదికి పొద్దుగూకాక ఎవరూ వెళ్లరు. పగలు వెళ్లినా ఇద్దరు కలిసే వెళ్తారు. అక్కడ ఒక ఆడమనిషి గొంతు ఉందట. మనుషుల భాష కాదట... మాటల్ని లోపలికి మింగుతున్నట్టు ఉంటుందట. పాత రీళ్ల మిషను వెయ్యగానే మొదలవుతుందట. అది విని ఒక అనౌన్సరమ్మకు మూడు రోజులు జ్వరం కాసిందని చెప్పుకుంటారు. జ్వరం ముందునుంచే ఉందని ఆవిడంటే గిట్టనివాళ్లు అంటారు.

అలాంటి గదిలోకి ఒక రాత్రి రీళ్ల మాస్టారు వెళ్లాల్సి వచ్చింది. ఆయన అక్కడి మెకానిక్కు, నెలాఖరుకు రిటైరు. తెల్లారితే పాత రీళ్లన్నీ కంప్యూటరులోకి ఎక్కించాలి, ఈలోగా మిషను సిద్ధం చెయ్యమని ఆఫీసరు హుకుం.

"నేనిక్కడే గుమ్మం దగ్గరుంటా మాస్టారూ," అన్నాడు వాచ్‌మన్. "పిలవండి, వస్తా... గట్టిగా పిలవండి."

"దెయ్యముంటే మంచిదేనోయ్. స్క్రూడ్రైవరు అందిస్తుంది."

అది ధైర్యం కాదు, అలసట. ఇంటా బయటా చాకిరీతో ఆయన ఒళ్లు హూనమైపోయింది. ఆరేళ్ల కిందట భార్య గొంతులో గడ్డ లేస్తే ఆపరేషను చేశారు. మనిషి దక్కింది, మాట పోయింది. ఇప్పుడు ఆయన ఫోను చేస్తే అవతలినుంచి చెంచా చప్పుడే. ఒకసారి కొడితే సరే, రెండుసార్లు కొడితే కాదు, మూడుసార్లు కొడితే ఇంటికి రండి.

ఆవిడ గొంతు ఎలా ఉండేదో ఆయనకిప్పుడు గుర్తు రావడం లేదు. ముప్పై ఏళ్లు విన్న గొంతు! ఎవరికి చెప్పుకుంటాడు? లోలోపల కుమిలిపోతున్నాడు.

ఆపరేషను రోజు ఆస్పత్రినుంచి ఫోను వచ్చింది ఈ గదికే. అప్పటినుంచి ఆయన ఈ గడప తొక్కలేదు.

లైటు వేశాడు. టేపు రాసుకుంటూ పోయే హెడ్డును స్పిరిటు దూదితో తుడిచాడు. టేపును లాగే రబ్బరు చక్రం జిడ్డు వదిలించాడు. ఏ మిషనుకైనా ముందు వేసి చూసే ట్రయల్ రీలు ఎడమవైపు తగిలించి, కొస హెడ్డు ముందునుంచి తెచ్చి, కుడి రీలుకు చుట్టాడు. మీట నొక్కాడు.

పరీక్షకని రికార్డు చేసిన సన్నటి కూత... అది ఆగింది. నిశ్శబ్దం...

ఆ నిశ్శబ్దంలో — వచ్చింది.

ఆడగొంతు. ఎక్కడో గోడ అవతలినుంచి వస్తున్నట్టు... ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

బయట కుర్చీ బోర్లాపడింది. "వి... విన్నారా?" గుసగుసగా అడిగాడు వాచ్‌మన్.

మాస్టారూ భయపడ్డాడు, అబద్ధమెందుకు? కానీ నలభై ఏళ్లు పని చేసిన చెయ్యి ఊరుకోదు కదా. వంగి చూశాడు. హెడ్డు వెంట్రుకవాసి కిందికి దిగి ఉంది. దాని స్క్రూ వదులు.

పావు చుట్టు తిప్పాడు. గొంతు ఆగింది. వెనక్కి తిప్పాడు... మళ్లీ వచ్చింది.

"దెయ్యమూ లేదు, గియ్యమూ లేదోయ్!" అని కేకేశాడు. "టేపు పైసగంలో ఒకవైపు రికార్డింగు, కిందిసగంలో రెండోవైపుది. హెడ్డు దిగితే ఆ రెండోది కూడా లీలగా పలుకుతుంది. అదీ వెనకనుంచి ముందుకి!"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఆ స్క్రూ ఆయన తప్ప ఎవరూ ముట్టరు. ఆపరేషను రోజు సగం విప్పి ఉండగా ఫోను వచ్చింది, అలాగే వదిలేసి పరిగెత్తాడు. ఆరేళ్లుగా స్టేషనంతటినీ వణికించింది తన చేతి చలవే.

"మరైతే... ఆవిడెవరు మాస్టారూ?"

ఏమో. రీలు డబ్బా మీద 'రెండోవైపు తిప్పవద్దు' అని ఉంది. ఆ అక్షరాలు తనవే. ఎప్పుడు రాశాడో, ఎందుకు రాశాడో గుర్తు లేదు. రాసింది నేనే కదా అనుకుని, రీలు రెండోవైపుకు తిప్పి వేశాడు.

"...ఏం మాట్లాడమంటారు? మైకు ముందు కూర్చోబెడితే మాటలొస్తాయా? వంట చల్లారిపోయింది. ఇంటికొస్తారా, నన్నే ఇక్కడ చాపేసుకోమంటారా?"

వెంటనే ఒక కుర్రాడి నవ్వు. అది తనదే.

"అమ్మో, దీనికి మన భాష వచ్చేసింది!" అంటూ వాచ్‌మన్ గేటుదాకా పరుగు లంకించుకున్నాడు.

మాస్టారు నేలమీద కూలబడ్డాడు. పెళ్లైన కొత్త. క్యారియరు తెచ్చిన భార్యను మైకు పరీక్షకని కూర్చోబెట్టాడు. ఆ మాటలు ఎవరూ చెరపకుండా డబ్బా మీద అలా రాశాడు. అంతా గుర్తొచ్చింది. ఆవిడ మాట పోయిన రోజే ఈ గదిలో ఆ మాట మొదలైందని కూడా తట్టి, వెన్ను జల్లుమంది. పసిపిల్లాడిలా ఏడ్చాడు.

తర్వాత ఇంటికి ఫోను చేశాడు. ఆవిడ ఎత్తగానే రిసీవరు స్పీకరు దగ్గర పెట్టి, టేపు వెనక్కి చుట్టి, మళ్లీ వేశాడు.

"...ఇంటికొస్తారా, నన్నే ఇక్కడ చాపేసుకోమంటారా?"

రిసీవరు చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల ఊపిరి మాత్రమే.

అప్పుడు చెంచా మోగింది. ఒకటి... రెండు... మూడు.

స్క్రూ బిగించకుండా ఆ గదిలోంచి పరిగెత్తడం ఆయనకది రెండోసారి.