కళ్ళకు పడ్డ దీర్ఘం

"ఈ కార్డుకి ప్రూఫ్ చూసిన మహానుభావులు ఎవరు?"

మా ప్రెస్సు మూడో అంతస్తులో ఉంటుంది. లిఫ్టు లేదు. మెట్లెక్కి వచ్చినవాళ్ళు ముందు కుర్చీ అడుగుతారు, తర్వాత మంచినీళ్ళు అడుగుతారు, ఊపిరి కుదుటపడ్డాకే గొడవ మొదలుపెడతారు. ఈవిడ మాత్రం గుమ్మంలోంచే మొదలుపెట్టింది.

కంపోజింగ్ చేసే ఆవిడ ఏమాత్రం మొహమాటం లేకుండా నా వైపు వేలు చూపించింది. "అదుగో, కామాగారు."

నాకా పేరు మా ఓనరుగారు పెట్టారు. అవసరం ఉన్నా లేకపోయినా కామా పెడతానని ఆయన బాధ. పదిహేడేళ్ళుగా ఇదే బల్ల దగ్గర ప్రూఫులు దిద్దుతున్నాను. అసలు పేరు పెట్టి ఎవరైనా పిలిస్తే, నన్నేనా అని వెనక్కి తిరిగి చూసే స్థితికి వచ్చేశాను.

వచ్చినావిడ పెళ్ళికార్డు నా ముందు పెట్టింది. "చదవండి. పైకి."

కార్డు తీసి చెయ్యి చాచి పట్టుకున్నాను. "మా ఏకైక కుమార్తె పెళ్ళికి తమరు సకుటుంబంగా విచ్చేసి..."

"ఆగండి. మళ్ళీ."

ఇంకొంచెం దూరంగా పట్టుకున్నాను. "మా ఏకైక కుమార్తె పెళ్ళికి..."

మూడోసారి చదవమనేసరికి, చాచడానికి ఇంక చెయ్యి మిగల్లేదు. కంపోజింగ్ ఆవిడ వంగి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పెళ్ళికి కాదండీ కామాగారూ. పిల్లికి అనుంది."

"మూడొందల కార్డులు!" అంది వచ్చినావిడ. "మా అక్క కూతురి పిల్లిని ఆశీర్వదించడానికి మూడొందల కుటుంబాలు తరలి రావాలట. ఇంకా నయం, నాలుగే పంచాం. అందులో ఒకటి మగపెళ్ళివారికి వెళ్ళింది. పెళ్ళికొడుకు తాతగారు ఫోన్ చేసి, పిల్లికి ఏం బహుమతి తేవాలని అడిగారు."

నాకు నవ్వొచ్చింది. నవ్వితే చంపేస్తుందని తెలుసు. రెండింటి మధ్యా గొంతులోంచి ఒక వింత చప్పుడు వచ్చింది.

"తప్పు నాదేనండి. రేపటికల్లా కొత్తవి వేయించి ఇస్తాం."

ఆవిడ నా మాట వినడం లేదు. చాచి ఉన్న నా చేతి వైపే చూస్తోంది.

"మీ వయసెంత?"

"ముప్పై ఎనిమిది."

"నిజం వయసు?"

"నలభై ఒకటి," అన్నాను. ఎందుకు నిజం చెప్పానో ఇప్పటికీ తెలీదు.

"చత్వారం," అంది ఆవిడ, తీర్పు చెప్పినట్టు.

"చత్వారం ముసలివాళ్ళకొస్తుందండీ!"

"నలభైకి వస్తుంది కాబట్టే దానికా పేరు. అక్షరాలతో బతికేవాళ్ళు, మీకు నేను చెప్పాలా? మీకు జోడు కావాలి."

"మా అక్క కూడా పదేళ్ళుగా అదే అంటోంది."

కంపోజింగ్ ఆవిడ కీబోర్డు చప్పుడు టక్కున ఆగింది. వచ్చినావిడ మొహంలో కోపం ఒక్క క్షణం దారి తప్పింది. పెదవుల చివర ఏదో కదిలింది గానీ, వెంటనే సర్దేసుకుంది.

"కళ్ళజోడు," అంది ఒత్తి పలుకుతూ. "నాకు కళ్ళజోళ్ళ షాపుంది. రేపు కార్డులు తీసుకుని మీరే రండి. ఇంకెవరి పెళ్ళీ కుక్క కాకముందే కళ్ళు పరీక్ష చేయాలి."

వెళ్ళేటప్పుడు చూశాను. ఆవిడ ఎడమ కాలు కొంచెం ఈడ్చి నడుస్తుంది. ఒక చేత్తో గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి, నెమ్మదిగా దిగింది.

*

మర్నాడు కార్డులు ఒప్పజెప్పాక నన్ను ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన ఇనప ఫ్రేమొకటి పెట్టింది. అందులో అద్దాలు మారుస్తూ, ఎదురుగా ఉన్న అక్షరాల బోర్డు చదివించింది. గడగడా చదివేశాను. తర్వాత చిన్న కార్డొకటి చేతికిచ్చింది. నత్తి మొదలైంది.

"దూరానివన్నీ బాగా కనిపిస్తున్నాయి. దగ్గరవే కనిపించడం లేదు."

"అందుకేనేమోనండీ, ఇన్నేళ్ళూ దగ్గర్లో ఎవరూ కనిపించలేదు."

"కామాగారూ, కళ్ళు పరీక్ష చేసేటప్పుడు నోరు పని చేయనక్కర్లేదు." మరో అద్దం తిప్పింది. "ఇప్పుడు?"

ఇప్పుడు కనిపించింది. కార్డు కాదు, ఆవిడ. జానెడు దూరంలో, స్పష్టంగా. చెవి పక్కన నాలుగు తెల్ల వెంట్రుకలు. నవ్వాలా వద్దా అని ఎప్పుడూ తేల్చుకోనట్టుండే కళ్ళు. పెదవి చివర ఎర్రగా ఏదో మరక.

"మీ పెదవి దగ్గర... జామ్ అనుకుంటాను."

ఆవిడ చటుక్కున తుడుచుకుంది. దొంగతనం దొరికిపోయిన మొహం పెట్టింది.

"బ్రెడ్డా?" అనడిగాను.

"ఆమ్లెట్టు."

"ఆమ్లెట్టులో జామా?"

"ఉల్లిపాయ ఎక్కువేసి, పైన జామ్ రాస్తాను. చిన్నప్పటి నుంచీ అంతే. ఇంట్లో తింటే అక్క లేచి పక్క గదిలోకి వెళ్ళిపోతుంది. అందుకే షాపులో తింటాను. మీరూ వెళ్ళొచ్చు, తలుపు అటు."

నేను కదల్లేదు. జీవితంలో మొదటిసారి, నా రహస్యం చెప్పదగ్గ మనిషి దొరికిందనిపించింది.

"నేను అరటిపండు టీలో ముంచుకుని తింటాను," అన్నాను.

ఆవిడ అద్దాలు తుడుస్తున్న చెయ్యి ఆపింది.

"ఒకసారి పెళ్ళిచూపుల్లో అలవాటుకొద్దీ ముంచేశాను. అమ్మాయి వాళ్ళమ్మగారు లోపలికి వెళ్ళి మళ్ళీ బయటికి రాలేదు. ఆ సంబంధం అలాగే పోయింది."

వెక్కిరిస్తుందనుకున్నాను. ఆవిడ చాలా శ్రద్ధగా అడిగింది.

"ఎంతసేపు ముంచాలి?"

నేను పడిపోయింది అక్కడే. కుర్చీలోంచి కాదు.

*

ఆ తర్వాత నా కళ్ళజోడుకి రోగాలు పట్టుకున్నాయి. ముక్కు దగ్గర నొక్కుతోందని ఒకరోజు, చెవి దగ్గర వదులైందని ఇంకోరోజు వెళ్ళాను.

"మళ్ళీ ఏమైంది?"

"స్క్రూ లూజైందండీ."

"అది తెలుస్తూనే ఉంది. కళ్ళజోడు సంగతి చెప్పండి."

అలా నెలలో ఆరుసార్లు బిగించింది. ఒకసారి నాకూ ఆమ్లెట్టు పెట్టింది. మొదటి ముద్ద ధైర్యంతో తిన్నాను, రెండోది మర్యాదకి తిన్నాను, మూడోది మాత్రం ఆవిడ ప్లేట్లోంచి లాక్కున్నాను.

ఇక్కడొక నిజం ఒప్పుకోవాలి. ఆవిడ ఎదుటా, ప్రెస్సులోనూ తప్ప ఆ కళ్ళజోడు నేను పెట్టుకునేవాణ్ణి కాదు. ఒక సాయంత్రం ప్రెస్సు నుంచి వస్తూ, అది తీయడం మర్చిపోయి వానలో బస్సెక్కాను. కళ్ళజోడు మీద చినుకులు తుడుచుకుంటుంటే, కాలేజీ అమ్మాయొకతె లేచి, "కూర్చోండి అంకుల్," అంది. అంకుల్ అంటే సర్దుకుపోదును. సీటు కూడా ఇచ్చింది! కూర్చున్నాను. కళ్ళజోడు తీసి జేబులో దాచేశాను.

కిటికీ బయట వాన దంచుతోంది. ఆవిడ కళ్ళు గుర్తొచ్చాయి. ఎదురుగా ఉంటే స్క్రూల గురించి తప్ప ఏమీ మాట్లాడలేను. ఫోన్ తీసి, మసకమసగ్గా కనబడే అక్షరాలతో కుస్తీ పట్టి, మెసేజ్ పంపాను. దించుకున్న బరువుకి ఒళ్ళు తేలికైంది.

జవాబు రాలేదు. మర్నాడూ రాలేదు. మూడోరోజు షాపుకి వెళ్ళాను. ఒక బామ్మగారు కుర్చీలో కూర్చుని, ఒక్కో ఫ్రేమూ పెట్టి అద్దంలో చూసుకుంటున్నారు. కౌంటరు వెనకున్న ఆవిడ నన్ను చూడగానే మొహం తిప్పేసుకుంది.

"స్క్రూలు బిగించే షాపు పక్క వీధిలో ఇంకోటుంది. అక్కడికి వెళ్ళండి."

"ఏమైందండీ? నేను పంపింది నచ్చలేదా?"

"నచ్చుతుందనుకున్నారా?" బామ్మగారికి వినబడకుండా గొంతు తగ్గించింది. "బడిలో విన్నాను, బంధువుల ఇళ్ళల్లో విన్నాను, పెళ్ళిచూపుల్లో విన్నాను. నా కాలి మీద వినని జోకు లేదు. మీ దగ్గర మాత్రం విననక్కర్లేదనుకున్నాను."

"కాలి మీదా? నేనా?"

"కళ్ళజోడు పెట్టుకుని మీ మెసేజ్ మీరే చదువుకోండి."

పెట్టుకున్నాను. చదివాను.

'మీ కాళ్ళు చాలా బాగుంటాయి. ఈ మాట ఎదురుగా చెప్పే ధైర్యం లేదు.'

కాళ్ళ కింద నేల నిజంగానే కదిలింది. పదిహేడేళ్ళ సర్వీసులో ఎన్ని వేల తప్పులు దిద్దానో! నా మొత్తం బతుకులో రాసుకున్న ఒకే ఒక్క ప్రేమలేఖ ప్రూఫ్ చూడకుండా పంపేశాను.

"కళ్ళు!" అని అరిచాను. బామ్మగారి చేతిలో ఫ్రేమ్ జారింది. "కళ్ళు అని రాయబోయానండీ. పొరపాటున దీర్ఘం ఒకటి ఎక్కువ పడింది. ఒట్టు!"

"ప్రూఫ్ రీడరుకి దీర్ఘం కనబడలేదంటే నమ్మమంటారా?"

"పంపేటప్పుడు కళ్ళజోడు జేబులో ఉంది. నేనసలు బయట పెట్టుకోను. ఆరోజు తీయడం మర్చిపోతే, బస్సులో ఒకమ్మాయి నన్ను అంకుల్ అని లేచి సీటిచ్చింది. ముసలాడిలా ఉన్నానని సిగ్గేసి దాచేశాను. నా సోకు పాడుగాను, అదండీ జరిగింది."

కుర్చీలో బామ్మగారు ఒకటే వణికిపోతున్నారు. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. కాదు, నవ్వు ఆపుకుంటున్నారు.

"నలభై ఏళ్ళకే సిగ్గా నాయనా?" అన్నారు. "నాకు డెబ్భై ఎనిమిది. నాలుగో కళ్ళజోడిది. ఎరుపు బాగుందా, నీలం బాగుందా?"

"ఎరుపండీ."

"అమ్మాయ్, ఇతను అబద్ధాలకోరు కాదు. ఎరుపే బాగుంది." బామ్మగారు సంచీ తీసుకుని లేచారు. "ఇది ఉంచు, రేపొస్తాను. మీరిద్దరూ తేల్చుకోండి."

బామ్మగారు గుమ్మం దాటారు. అప్పుడు తను అడిగింది, బల్ల మీద ఫ్రేములు సర్దుతూ, నా వైపు చూడకుండా.

"నా కాలి గురించి మీరు ఎప్పుడూ ఏమీ అనుకోలేదా?"

లేదంటే తేలిపోయేది. కానీ ఆవిడకి అబద్ధం చెప్పాలనిపించలేదు.

"అనుకున్నాను. మొదటిరోజే. మా ప్రెస్సుకి యాభై నాలుగు మెట్లండీ. కొరియర్ వాళ్ళు కూడా కింద నుంచే ఫోన్ చేస్తారు. అక్క కూతురి కోసం అన్నీ ఎక్కొచ్చి, కూర్చోకుండా, నీళ్ళయినా అడక్కుండా నన్ను దులిపేశారు. ఈ మనిషి నా తరఫున ఎవరితోనైనా గొడవ పడితే ఎంత బాగుంటుందో అనుకున్నాను."

ఆవిడ చేతిలో ఫ్రేము అలాగే ఉండిపోయింది. కళ్ళు నిండాయి. దాంతోపాటే నవ్వు కూడా వచ్చేసింది. ఈసారి దాచుకోలేదు.

"నాకు నలభై నాలుగు," అంది. "మీకన్నా మూడేళ్ళు పెద్ద. ఆలోచించుకోండి."

"అయితే మంచిదే. మిమ్మల్ని 'మీరు' అనడం నేను మానక్కర్లేదు."

"ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి. అక్క చూడాలంటోంది."

"ఎవర్ని?"

"పిల్లిని పుట్టించినాయన్ని."

*

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, కళ్ళజోడు పెట్టుకునే వెళ్ళాను. అక్కగారు నా ఉద్యోగం గురించి అడిగారు, ఆరోగ్యం గురించి అడిగారు, ఇంట్లో ఎవరెవరున్నారని అడిగారు. పదిహేడేళ్ళు ఒకేచోట ఎందుకున్నారని అడిగారు. "లేచి వెళ్ళమని ఎవరూ అనలేదండీ," అన్నాను. బావగారికి నవ్వొచ్చింది గానీ, భార్య వైపు చూసి దగ్గుగా మార్చేశారు. అక్కగారి మొహం మాత్రం విప్పారలేదు. చెల్లెల్ని గతంలో నలుగురైదుగురు చూసి వెళ్ళారట. వెళ్ళాక వాళ్ళు అన్న మాటలు ఈవిడే విన్నారట. ఆ భయం నాకు అర్థమైంది.

అందరం భోజనానికి కూర్చున్నాం. నేను ఆవిడ పక్కన. ఎదురుగా పెళ్ళికూతురు, అంటే అక్కగారి కూతురు, తలెత్తకుండా ఫోన్ చూసుకుంటూ తింటోంది.

ఉన్నట్టుండి ఆ పిల్లకి పొలమారింది. దగ్గుతూనే చెయ్యి చాచింది.

"బాబాయ్, ఆ నీళ్ళిలా ఇవ్వండి."

అందరి చేతులూ కంచాల్లో ఆగిపోయాయి.

"ఏమన్నావే?" అన్నారు అక్కగారు.

"నీళ్ళడిగానమ్మా."

"అది కాదు. ఆయన్ని ఏమన్నావ్?"

"పిన్ని పక్కన కూర్చున్నాయన్ని ఇంకేమంటారు?" అంది ఆ పిల్ల, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ.

బావగారు గొంతు సవరించుకున్నారు. "వరస సరిగ్గానే కలిపింది. నీళ్ళివ్వవయ్యా, పాపం దానికి ఊపిరాడటం లేదు."

ఇచ్చాను. కంగారులో సగం నీళ్ళు బల్ల మీదే ఒలికాయి. అక్కగారు లేచి గుడ్డ తెచ్చి తుడిచారు. తుడుస్తూ తుడుస్తూ, ఎవరి వైపూ చూడకుండా భర్తతో అన్నారు.

"మనకున్నవి నాలుగే కుర్చీలు. ఈయన్ని స్టూలు మీద కూర్చోబెట్టాం. ఇంకోటి కొనాలి."

"అమ్మాయి అత్తారింటికి వెళ్తే ఒకటి ఖాళీ అవుతుందిగా?"

"అల్లుడితో కలిసి రాదా ఏమిటి? రెండు కొనండి."

నేను పక్కకి తిరిగి చూశాను. ఆవిడ తల వంచుకుని అన్నం కలుపుతోంది. ఎప్పుడో కలపడం అయిపోయిన అన్నాన్ని మళ్ళీ మళ్ళీ కలుపుతూనే ఉంది.