చిక్కుడు తీగ కింది కమాను

"యా అల్లా! చెల్లెమ్మా, ఇది ఈడికెట్ల వచ్చె?"

కూతురి పెళ్లికి పిలవడానికి వచ్చిన మహబూబ్ బాషా, ఈశ్వరమ్మ ఇచ్చిన మంచినీళ్ల చెంబు అందుకుని, పెరటి వైపు చూస్తూ కొయ్యబారిపోయాడు. ఆయన చూస్తున్నది చిక్కుడు తీగనూ కాదు, దాని పూతనూ కాదు... తీగ కింద ఉన్న ఇనుప కమానును!

ఈశ్వరమ్మకు ఏమీ అర్థం కాలేదు. కాడుగోడి పాత ఊళ్లో ఆ అద్దె ఇంటి పెరడు నాలుగడుగులు వేస్తే అయిపోతుంది. ఆ కాస్త జాగాలోనే అత్తగారు ఆదెమ్మ చిక్కుడు గింజలు నాటుకుంది. మూడు నెలల కిందట భర్త ఆవులప్ప మనిషెత్తు ఇనుప కమానొకటి భుజాన మోసుకొచ్చి, "పాత ఇనుము, కంపెనీలో పారేస్తా ఉంటే తెచ్చినా" అన్నాడు. అత్తా కోడళ్లు మురిసిపోయి దాన్ని నేలలో పాతి, తీగ పాకించారు. పక్కింటివాళ్లు కూడా వచ్చి చూసి, ఎంత బాగా కుదిరిందో అని మెచ్చుకుని పోయారు. ఇంత మంచి కమానును చూసి ఈయన ఇట్లా అదిరిపడతాడేమిటి?

"మా ఆయన తెచ్చినాడన్నా... పాత ఇనుమంట..."

"పాత ఇనుమా! ఇది ఆవులప్ప నడిపే గడ్డి బండిది కదమ్మా! సీటు వెనకాల నిలబెట్టేది. నా చేతులతో బోల్టులు బిగించినా దీనికి. బండి తిరగబడిందనుకో, బరువంతా ఇదే మోస్తాది. సీట్లో ఉండే మనిషికి బొట్టు నెత్తురు కారనీదు. దీన్ని ఎవరు ఊడదీయమన్నారు?"

వైట్‌ఫీల్డ్ దగ్గర ఒక పెద్ద కంపెనీ ఆవరణలో ఆవులప్ప ఉద్యోగం. అక్కడ ఎటు చూసినా పచ్చికే. దాన్ని కోయడానికి మనిషి ఎక్కి కూర్చుని నడిపే బండి ఉంది. బండికి డ్రైవరు ఆవులప్ప, మరమ్మతులు బాషావి. అయితే బాషాను మూడు నెలల కిందట ఎలక్ట్రానిక్ సిటీలో ఇంకో ఆవరణకు పంపారు. ఆయన అటు పోగానే ఇటు కమాను ఊడిందన్నమాట!

ఈశ్వరమ్మ కమాను వైపు, బాషా వైపు మార్చి మార్చి చూసింది. కానీ మరుక్షణమే తేరుకుని, కాస్త గర్వంగానే అంది. "ఏం కాదులేన్నా. మా ఆయన బెల్టు కట్టుకోకుండా ఒక్క పూట కూడా బండి కదిలించడు. పాప నెత్తిన చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నా!"

ఆ మాట వినగానే బాషా చేతిలోని చెంబు కింద పడింది. "అమ్మా... అదే కొంప ముంచేది! కమాను ఉంటేనే బెల్టు కట్టుకోవాల. కమాను లేని బండికి బెల్టు కట్టుకుంటే, అది తిరగబడేటప్పుడు మనిషి దూకను కూడా దూకలేడు. బండితో పాటే కిందికి పోతాడు!"

అయ్యో తల్లీ!... తన చేతులతోనే తన భర్తను ఆ బండికి కట్టేసిందా! ఆమె ఒట్టు వేయించుకున్నది ఊరికే కాదు. కదిరి దగ్గర పల్లెలో ఆమె నాన్న వేరుశనగ చేను గట్టు దిగుతూ ట్రాక్టరుతో సహా తిరగబడి చనిపోయాడు. అప్పటికి ఆమెకు తొమ్మిదేళ్లు. అమ్మ చేతిలో అన్నం ముద్ద అట్లాగే ఉండగా కబురొచ్చింది... ఆ రోజు నుంచి ఎవరైనా బండి అనే మాట ఎత్తితేనే ఆమె అక్కడి నుంచి లేచిపోయేది. అందుకే ఆవులప్ప డ్రైవరైన నాడు, కూతురు లిఖితను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "బెల్టు విప్పను అని బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి చెప్పు" అని పట్టుబట్టింది. ప్రేమతో అడిగింది. ఆ ప్రేమే ఇప్పుడు ఉరితాడై కూర్చుంది!

ఆవులప్పకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. బండి రొదలో ఎట్లా వినపడుతుంది? బాషా, అక్కడి సూపర్‌వైజరు భుజంగరావుకు చేస్తే, "ఆవులప్ప చెరువు కట్ట కాడ కోస్తాండాడు, ఈ పొద్దే పూర్తి చెయ్యాల, తర్వాత మాట్లాడు" అని పెట్టేశాడు. చెరువు కట్ట! రాత్రంతా వాన! బాషా ముఖం చూసి ఈశ్వరమ్మకు ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది.

అప్పటిదాకా గడపలో నిలబడి అంతా వింటున్న ఆదెమ్మ చీర కొంగు దోపుకుంది. కొడవలి తెచ్చి, తాను రోజూ నీళ్లు పోసి పెంచిన తీగను, పూతా పిందెలతో సహా, మొదలంటా కోసేసింది. కమానును రెండు చేతులా పట్టి ఊపి ఊపి పీకింది.

"అత్తా! అంత టైము లేదు, ముందు పోదాం పా!"

"దీన్ని తీసుకునే పోవాల. ఇది లేకపోతే ఈ పొద్దు దిగినోడు రేపు మళ్లీ ఎక్కుతాడు. నా కొడుకు సంగతి నాకు తెల్దా?" అంది ఆదెమ్మ, రొప్పుతూ.

ఆటోలో కమాను అడ్డంగా పట్టలేదు. నిలువుగానూ పట్టలేదు. చివరికి ఆదెమ్మ ఒళ్లో సగం, బయట సగం పెట్టుకుని పోయారు. దారి పొడవునా ఈశ్వరమ్మ మనసులో ఎన్ని మొక్కులు మొక్కుకుందో! ఎన్ని దేవుళ్లను పిలిచిందో! నాన్నను కూడా పిలిచింది. "నాయనా, నువ్వు పోయినట్ల ఆయనను పోనీయద్దు..." అని పెదవులు కదుపుతూనే ఉంది.

గేటు దగ్గర సెక్యూరిటీ అడ్డం వచ్చాడు. "ఒళగె బిడల్ల అమ్మా, పాసు బేకు" అంటూ, పాసు లేనిదే లోపలికి వదలనన్నాడు. బాషా తన కార్డు చూపించి నచ్చజెప్పబోయాడు. ఆదెమ్మ అంతసేపు ఆగే మనిషి కాదు. కమాను చివర పట్టుకుని ముందుకు నడిచింది. ఆ ఇనుము తగులుతుందేమోనని సెక్యూరిటీయే పక్కకు జరిగాడు!

చెరువు కట్ట దగ్గరికి వచ్చేసరికి ఈశ్వరమ్మ కాళ్లు నిలిచిపోయాయి. బండి కట్ట వాలులో అడ్డంగా ఆగి ఉంది. నీళ్ల వైపు చక్రాలు రెండూ నానిన మట్టిలో దిగబడి, బండి అంతా ఒక పక్కకు ఒరిగి ఉంది. పైన ఆవులప్ప! నడుముకు బెల్టు! అతను బండిని ముందుకు లాగించాలని చూసినప్పుడల్లా చక్రం తిరిగి మట్టి ఎగజిమ్ముతోంది, బండి ఇంకో అంగుళం ఒరుగుతోంది.

"బండి ఆపప్పా! ఆపు! కదిలించద్దు!" బాషా చేతులూపుతూ పరిగెత్తాడు. "బెల్టు తీసి గట్టు వైపుకు దూకు!"

ఆవులప్ప ఇంజను ఆపాడు. గట్టు మీద భార్యనూ తల్లినీ చూసి బిత్తరపోయాడు. చెయ్యి బెల్టు మీదికి పోయింది... అక్కడే ఆగిపోయింది.

"దూకయ్యా!" అని అరిచింది ఈశ్వరమ్మ.

"బెల్టు తియ్యకూడదు కదా..." అన్నాడు. ఆ గొంతులో భయం బండి గురించి కాదు. "లిఖిత నెత్తిన చెయ్యి పెట్టినా గదే... బండి మింద ఉండంగా విప్పితే బిడ్డకేమన్నా అయితే... మెల్లగా లాగేస్తాలే, నువ్వు గాబరా పడద్దు."

కింద మట్టి పెళ్లొకటి విరిగి నీళ్లలో పడింది. బండి ఉలిక్కిపడ్డట్టు కదిలింది.

ఆ క్షణంలో ఈశ్వరమ్మకు ఎక్కడి ధైర్యం వచ్చిందో! జారుతున్న గడ్డిలోనే రెండడుగులు దిగి, తన నెత్తిన తన చెయ్యి పెట్టుకుని గట్టు అదిరేట్టు అరిచింది. "వేయించుకున్నది నేను, తీసేదీ నేనే! ఆ ఒట్టు తీసి గట్టున పెడ్తాండా! దాని వల్ల ఏ దోషం ఉన్నా నా నెత్తిన పడనీ, బిడ్డకు అంటదు! నువ్వు దూకు... నా బిడ్డకు నాయన కావాల! నాకు లేకపోయినాడు, దానికన్నా ఉండనీ... దూకయ్యా!"

టక్కుమని బెల్టు ఊడిన చప్పుడు. ఆవులప్ప గట్టు వైపుకు ఎగిరి దూకి, మోకాళ్ల మీద పడి, గడ్డి పట్టుకుని పాకాడు. అతని వెనకాల బండి నిదానంగా, ఏమీ తొందర లేనట్టు, ఒరిగి ఒరిగి వెల్లకిలా తిరగబడి నీళ్లలోకి జారింది. సీటు కిందయింది. నాలుగు చక్రాలు పైకి లేచాయి. ఆ సీటు ఉన్న చోట ఏముందో చూడడానికి కూడా లేదు, అంతా బురదే!

మొదట ఏడ్చింది ఆదెమ్మ. కొడుకు వీపు మీద దబదబా నాలుగు బాది, అదే చేతులతో తల నిమిరి, "దొంగనాకొడకా... దొంగనాకొడకా..." అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. ఈశ్వరమ్మకు ఏడుపు కూడా రాలేదు. భర్త చేతులు, మోచేతులు, మోకాళ్లు ఒక్కొక్కటే తడిమి చూసుకుంది. మోకాలు గీసుకుపోయింది, అంతే. అంతే! దేవుడా, అంతే!

భుజంగరావు పరుగున వచ్చి చెరువులో చక్రాలు చూసి నోరు తెరిచాడు. ఎప్పుడూ పరాయి మగవాడి ఎదుట తలెత్తని ఈశ్వరమ్మ, అత్త చేతిలోని కమానును చూపిస్తూ సూటిగా అడిగింది. "సార్, దీన్ని ఊడదీయమన్నది ఎవురు?"

ఆయన నేల చూపులు చూశాడు. కమాను తగిలి చెట్ల కొమ్మలు విరుగుతున్నాయని పైవాళ్లు తిడితే తానే తీయించానని, ఎవరి కంటా పడకుండా ఇంటికి తీసుకుపొమ్మన్నదీ తానేనని ఒప్పుకున్నాడు. "తప్పయిపోయిందమ్మా..." అని ఆ ముసలామెకు చేతులు జోడించాడు. ఆదెమ్మ ఆ జోడించిన చేతులను చూసింది. "చెట్టు కొమ్మ మళ్లీ చిగురేస్తాది నాయనా" అని ఊరుకుంది.

ట్రాక్టరు తెచ్చి బండిని పైకి లాగారు. పెళ్లి పత్రికలు పంచాల్సిన బాషా చొక్కా చేతులు మడిచి, అందరి కళ్ల ముందే కమాను బిగించాడు. చెట్ల కింద గడ్డి ఇకమీదట కత్తులతో కోయించాలని, వాలు దగ్గరికి బండి పోకూడదని భుజంగరావు అక్కడికక్కడే రాసి సంతకం పెట్టాడు. బండి ఆరి బాగయ్యేదాకా ఆవులప్పను ఇంటికి పొమ్మన్నారు.

ఇంటికి వచ్చాక, పెరటి అరుగు మీద కూర్చుని ఆవులప్ప తల వంచుకున్నాడు.

"నాతో అబద్ధం ఎందుకు చెప్పినావు?" అడిగింది ఈశ్వరమ్మ. గొంతులో కోపం లేదు.

"కమాను తీయకుంటే బండి వద్దు, మళ్లీ గడ్డి కోసే కత్తి పట్టుకోమన్నాడు సార్. నువ్వు మీ ఊర్లో అందరికీ నా మొగుడు డ్రైవరు, డ్రైవరని చెప్పుకుంటివి కదా... ఏ ముఖం పెట్టుకుని నీకు చెప్పేది? తీసినానంటే నువ్వు నిద్ర పోవు. అందుకే..."

ఇన్నాళ్లూ తన భయాన్ని అతని నెత్తిన పెట్టింది, తన గొప్పను కూడా అతని నెత్తినే పెట్టింది! పాపం, రెండూ మోశాడు మనిషి. ఈశ్వరమ్మకు అప్పుడొచ్చాయి కన్నీళ్లు, ఆపినా ఆగని కన్నీళ్లు.

"కత్తి పట్టుకున్నా నువ్వే కదా నా మొగుడు... పిచ్చోడా! ఇంక నేను నీతో ఒట్లు వేయించుకోను. నువ్వు నాతో ఉన్నది చెప్పు. భయమైతే ఇద్దరం కలిసి భయపడదాం."

"చెప్తా" అన్నాడు ఆవులప్ప, చిన్నపిల్లవాడిలా. "ఇప్పుడే ఒకటి చెప్తా. ఆకలైతాండాది."

ఆదెమ్మ లోపలి నుంచి ఫక్కున నవ్వింది. పొద్దుటి నుంచి ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు!

ఈశ్వరమ్మ రాగిసంగటి పెట్టి, పప్పు వడ్డిస్తుంటే ఫోన్ మోగింది. కదిరి నుంచి అమ్మ. ఆ తల్లి మొగుడు పోయిన నాటి నుంచి, మధ్యాహ్నం అన్నం వేళ ఎవరింట్లో ఎవరున్నారో అడగందే ముద్ద ఎత్తదు.

"ఏం పాపా, అల్లుడు డ్యూటీలో ఉండాడా?"

ఈశ్వరమ్మ భర్త వైపు చూసింది. మట్టి అంటిన చొక్కా, మోకాలికి పసుపు, నోటి నిండా సంగటి. జరిగిందంతా చెబుదామనుకుంది. అంతలోనే వద్దనుకుంది. రేపు నింపాదిగా చెప్పొచ్చు. ఇప్పటికి ఆ తల్లికి కావలసిన మాట ఒక్కటే.

"లేదు మా... ఇంట్లోనే ఉండాడు" అంది. "నా ఎదురుగానే ఉండాడు. అన్నం తింటాండాడు."