ఊపిరి నడకలో మూగబోయిన మైకు

తలుపు తట్టకుండానే లోపలికి వచ్చిన ఆసుపత్రి నర్సమ్మ, కుర్చీ చూపించినా కూర్చోలేదు. "అయ్యా, నేను మనిషిని చంపానంటున్నారు" అంది గుమ్మం దగ్గరే నిలబడి. ఆ మాట అనేశాక గానీ పాపం ఆవిడకు ఏడుపు రాలేదు.

ఊరంతా 'ఆరాగారు' అని పిలుచుకునే డిటెక్టివ్ కాఫీ కప్పు పక్కన పెట్టాడు. ఆయనకు సహాయకురాలు సొంత మేనకోడలే. చీమ చిటుక్కుమన్నా మావయ్య చెవిన పడుతుందని ఆ అమ్మాయికి గట్టి నమ్మకం. ఆమె నర్సమ్మను బలవంతాన కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది.

ఉబ్బసం గురించి నలుగురికీ తెలియజెప్పడానికి, లేనివాళ్ళ మందులకు చందాలు పోగుచేయడానికి ఆ పేటలో ఏటా 'ఊపిరి నడక' జరుగుతుంది. నడిపించేది డ్రిల్లు మాస్టారు. ఆయనకూ చిన్ననాటి నుంచి ఉబ్బసమే. ఈ నడకకు ఒక ఆచారం ఉంది. జబ్బున్నవాళ్ళు బయల్దేరే ముందు తమ ఇన్‌హేలర్‌ను తోడు నడిచేవాళ్ళ చేతికిచ్చేస్తారు. ఆయాసం వస్తే నోరు తెరిచి అడగాలి. అడగడానికి సిగ్గు పోవాలనే ఈ ఏర్పాటు.

"మాస్టారికి తోడు నేనే. వెనకబడ్డవాళ్ళను తీసుకురావడం మా పని. జనమంతా వంతెన దిగిపోయాక ఆయనకు ఆయాసం వచ్చింది. సంచిలోంచి తీసిచ్చాను. పీల్చారు, మళ్ళీ పీల్చారు. అంబులెన్సు వచ్చేసరికే..." నర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అందులో మందు లేదన్నారు, అవునా?"

"అది డమ్మీ అండీ. ఎలా పీల్చాలో నేర్పడానికి వాడతాం. అదీ నా సంచిలోనే ఉంటుంది. కానీ దానికి ఎర్రదారం చుట్టి ఉంచుతాను. నేనిచ్చినదానికి దారం లేదు. ఒట్టు, చూసే ఇచ్చాను!"

"మరి అసలుది?"

"సంచిలో లేదు."

"సంచి ఎక్కడైనా వదిలావా అమ్మా?"

"మంచినీళ్ళ పందిరి దగ్గర ఒక పాప మోకాలు కొట్టుకుపోతే కట్టు కట్టాను. అప్పుడు కుర్చీకి తగిలించాను. ఉద్యోగం పోతే పోనీండి, మాస్టారి భార్య నా మొహం చూడటం లేదు. అదే తట్టుకోలేకపోతున్నాను."

నర్సమ్మ వెళ్ళాక మేనకోడలు మెల్లగా అంది. "ఏడుపు నిజమే మావయ్యా. కానీ కంగారులో ఒకటి ఇవ్వబోయి ఇంకోటి ఇచ్చి ఉండదా?"

"కంగారుపడితే దారం ఊడిపోతుందిటే?" అన్నాడాయన.

పోలీసు స్టేషన్లో ఆ డమ్మీని చూశారు. ఎండలో పెట్టి పెట్టి ప్లాస్టిక్ వెలిసిపోయింది. నడుము దగ్గర మాత్రం ఒక పట్టీ మేర ముదురు నీలం మిగిలింది. దారం అక్కడే ఉండేదన్నమాట.

అక్కడి నుంచి నడక జరిపించే సంఘం గదికి వెళ్ళారు. కార్యదర్శి ఒక్కడే జెండాలు చుట్టిపెడుతున్నాడు. మాస్టారికి ప్రాణస్నేహితుడు. ఇన్‌హేలర్ తోడు చేతికిచ్చే ఆచారం పెట్టిందీ, "ఉబ్బసం దాచకు, ఊపిరి అడుగు" అనే నినాదం రాసిందీ ఆయనే. నడక పొడుగునా ఆ నినాదాన్ని చేతిమైకులో అరిచేదీ ఆయనే.

"వంతెన మీద మీ గొంతు వినబడలేదన్నారు?"

"పందిరి దగ్గరే మైకు బ్యాటరీ చచ్చిందండీ. వెధవ మైకు!"

ఆరాగారు బీరువా మీది మైకును దించి దుమ్ము దులిపాడు. కార్యదర్శి రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని కిటికీ దగ్గరకు జరిగాడు.

"ఆ తర్వాత దీన్ని ఎవరైనా వాడారా?"

"ఎవరికి మనసొప్పుతుందండీ? ముట్టుకున్న దిక్కే లేదు." మాటకూ మాటకూ మధ్య ఆయన కాస్త ఆగుతున్నాడు. ఫోను మోగితే వరండాలోకి వెళ్ళాడు. మేనకోడలు ఊరుకోలేక మైకు మీట నొక్కి "హలో" అంది. గది దద్దరిల్లి తనే ఉలిక్కిపడింది.

నవ్వబోతూ మావయ్య మొహం చూసింది. ఆయన నవ్వడం లేదు.

మర్నాడు అదే గదిలో అందరూ చేరారు. మాస్టారి భార్య ముందు వరసలో, నర్సమ్మ గోడవారన, పోలీసు అధికారి తలుపు దగ్గర. నడిచినవాళ్ళంతా బల్లల మీద సర్దుకున్నారు.

"ఇది హత్య అనుకున్నాం" అని మొదలుపెట్టాడు ఆరాగారు. "కానీ మాస్టారికి ఆ వంతెన మీదే ఆయాసం వస్తుందని ఎవరు ముందే చెప్పగలరు? ఆ నమ్మకంతో ఎవడూ చంపడు. సంచిలో చెయ్యి పెట్టినవాళ్ళకు మాస్టారి ప్రాణం అక్కర్లేదు, మందు కావాలి. ఖాళీ కనబడకూడదని డమ్మీకి దారం విప్పి అక్కడ పెట్టారు. ఇక్కడ ఉబ్బసం ఉన్నవాళ్ళందరి మందూ తోడు చేతిలో ఉంది. అడిగితే చాలు. దొంగతనంగా తీసుకోవలసింది, జబ్బు ఉందని ఎవరికీ చెప్పనివాళ్ళే."

ఆరాగారు బీరువా మీది మైకును దించి బల్ల మీద పెట్టాడు.

"పందిరి దగ్గర ఒక గొంతు ఆగిపోయింది. బ్యాటరీ అన్నారు. బ్యాటరీ నిక్షేపంగా ఉంది. ఆగింది ఊపిరి. కాదాండీ, కార్యదర్శిగారూ?"

కార్యదర్శి లేవబోయి కూలబడ్డాడు. గొంతులో పిల్లికూతలు మొదలయ్యాయి. చెయ్యి చొక్కా జేబు దాకా వెళ్ళి ఆగిపోయింది. అంతమంది ముందు, ఇంత తెలిశాక కూడా, ఆ మనిషి తీయలేకపోయాడు! మేనకోడలు చూడలేక తల తిప్పుకుంది.

నర్సమ్మే పరుగున వచ్చింది. జేబులోంచి మాస్టారి ఇన్‌హేలర్ తీసి, మూత లాగి, గట్టిగా ఊపి ఆయన నోటి దగ్గర పెట్టింది. "పీల్చండి. ఇంకోసారి. నెమ్మదిగా" అంటూ వీపు నిమిరింది.

మాస్టారి భార్య నర్సమ్మను కళ్ళెత్తి చూసింది. "తప్పయిపోయింది తల్లీ, నిన్ను అనరాని మాటలన్నాను" అంది.

ఊపిరి కుదుటపడ్డాక కార్యదర్శి ఆమె వైపు తిరిగాడు. "రెండేళ్ళయిందమ్మా నాకిది మొదలై. ఊరందరికీ దాచకండని చెప్పే నోటితో నాకూ ఉందని చెప్పలేకపోయాను. ఆ రోజు నా మందు ఇంట్లో మరిచాను. వంతెన దాటగానే మళ్ళీ సంచిలో పెట్టేద్దామనుకున్నాను. వాడికి అంతలోనే వస్తుందనుకోలేదు. తెలిశాక చెబుదామంటే నోరు పెగల్లేదు."

పోలీసు అధికారి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. మేనకోడలు అలవాటు కొద్దీ మావయ్యను మెచ్చుకోబోయి ఆగిపోయింది. ఆరాగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నర్సమ్మ మీద నింద పడి ఉండకపోతే ఈ నిజం తెలియకపోయినా బాగుండేదనిపించింది మేనకోడలికి.

గుమ్మం దాటబోతున్న కార్యదర్శిని మాస్టారి భార్య ఆపింది.

"ఒక్క మాట అడిగుంటే ఆయనే తీసిచ్చేవారు కదన్నయ్యా. ఇద్దరూ చెరోసారి పీల్చుకుని వంతెన దాటేవాళ్ళు."

ఆయన తల వంచుకుని మెట్లు దిగాడు.