క్యాష్‌బ్యాక్ ఎవరికొచ్చింది?

"మీ కాల్ మాకెంతో ముఖ్యం" అని ఫోన్‌లో ఆ గొంతు మళ్ళీ మొదలుపెట్టింది. ఎంత ముఖ్యమో కోడలికి పొద్దుటి నుంచీ తెలుస్తూనే ఉంది. ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, కుట్టుమిషన్ ముందు కూర్చుని ఒక స్కూలు చొక్కాకి కాలరు వేస్తోంది. వెనకాల కొత్త ఫ్రిజ్, తనకేమీ సంబంధం లేనట్టు సన్నగా గురక పెడుతోంది. ఆ ఫ్రిజ్ ఆమె కుట్టు డబ్బులతో కొన్నదే. ఐదువేలు క్యాష్‌బ్యాక్ మూడు నెలల్లో వస్తుందని షాపువాళ్ళు నమ్మకంగా చెప్పారు. ఆర్నెల్లయింది, అయిపూ అజా లేదు.

మధ్యగదిలోంచి మామగారు తొంగిచూశాడు. పెద్దాయన రిటైరైన బస్సు కండక్టరు.

"ఏమంటున్నారమ్మాయ్?"

"మొన్న ఒకమ్మాయి ప్రాసెస్‌లో ఉందంది. నిన్న ఒకాయన ఫ్రిజ్ కంపెనీని అడగమన్నాడు. కంపెనీవాళ్ళేమో షాపునే అడగమన్నారు. ఇవాళేమో, ఎప్పుడో మెసేజ్ పంపించేశాం, చూసుకోండి అంటున్నారు. నాకు బుర్ర తిరిగిపోతోంది మామయ్య గారూ!"

"హవ్వ! చిల్లర లేకపోతే నేను టికెట్టు వెనకాల రాసిచ్చేవాణ్ణి. దిగేలోపు ఇచ్చేసేవాణ్ణి. వీళ్ళ బస్సు అసలు ఆగుతుందా?" అని నవ్వి, అంతలోనే గొంతు తగ్గించి అడిగాడు. "వాడు టీ తాగాడా?"

'వాడు' అంటే ఆయన కొడుకే. లిఫ్టు మెకానిక్కు. ఎక్కడో కాదు, ఆ ఎదురుగానే కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు. "తాగానని చెప్పు" అన్నాడు భార్యతో.

ఏడాదిగా ఆ ఇంట్లో ఇదే తంతు. ఫోన్‌కి వచ్చిన ఏదో లింకు నొక్కి పెద్దాయన ఒక నెల పెన్షను పోగొట్టుకున్నాడు. కొడుకు అరికాలి మంట నెత్తికెక్కి, వీధి వీధంతా వినేలా అరిచాడు. ఆ రోజు నుంచీ తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. ఏం చెప్పుకోవాలన్నా మధ్యలో కోడలే. ఎవరో ఒకరు ఒక్క మెట్టు దిగితే బాగుండునని ఆమె ఎదురుచూసి చూసి విసిగిపోయింది. ఇలాగే ఉండిపోతారేమోనని ఈమధ్య భయం కూడా పట్టుకుంది.

"మెసేజ్ పంపించేశారా? ఏదీ, చూడనీ" అంటూ మెకానిక్కు లేచి ఆమె ఫోన్ తీసుకున్నాడు. కిందికీ పైకీ జరిపి చూశాడు. "ఇందులో ఏమీ లేదే. తుడిచేశావా?"

"నేనెందుకు తుడిచేస్తానండీ?"

"ఏమో మరి. పోయినసారి మీ తమ్ముడికి డబ్బిచ్చి, నాతో చెప్పావా? వాళ్ళేమో పంపామంటున్నారు, నువ్వేమో రాలేదంటున్నావు. నేనెవర్ని నమ్మాలి?"

మిషన్ చక్రం టక్కున ఆగింది. తమ్ముడికి డబ్బిచ్చిన సంగతి నిజమే. అది ఆమె కష్టార్జితం, ఆపదలో ఇచ్చింది, తర్వాత తనే నోటితో చెప్పింది కూడా. అది పట్టుకుని ఇప్పుడు దొంగని చేస్తాడా?

"పదండి షాపుకి. ఇవాళ తాడోపేడో తేల్చుకుందాం" అంది, కళ్ళల్లో నీళ్ళు కిందికి జారకుండా పట్టుకుని.

షాపులో హెల్ప్ డెస్కు అమ్మాయి బిల్లు తీసుకుని కంప్యూటర్లో చూసింది. "మూడుసార్లు లింకు పంపాం మేడమ్. అది తెరిచి, డబ్బు కావాలని నొక్కాలి. మీరు నొక్కలేదు. ఇవాళ్టితో గడువు అయిపోతుంది."

"విన్నావా?" అన్నాడు మొగుడు.

"విన్నాను. ఏ నంబరుకి పంపారో అదీ వినండి. అమ్మా, ఆ స్క్రీను కాస్త ఇటు తిప్పుతావా?"

అమ్మాయి తిప్పింది. మెకానిక్కు వంగి చూశాడు.

"ఇది... నాన్న నంబరు!"

అప్పుడు వెలిగింది కోడలికి. ఫ్రిజ్ కొన్న రోజు తను తలుపు మీద గీతలున్నాయేమోనని చూస్తుంటే, బిల్లు దగ్గర నిలబడింది మామగారు. ఫోన్ నంబరు అడిగితే తనది చెప్పేసి ఉంటాడు. మరి మెసేజ్ వచ్చినట్టు ఒక్కసారైనా అనలేదేం? రోజూ తనతో కలిసి షాపువాళ్ళని తిడుతూనే ఉన్నాడుగా! ఏమీ అర్థం కాలేదు. ఇంకోసారి లింకు పంపమని చెప్పి ఇద్దరూ ఇంటికి పరుగెత్తారు.

మెకానిక్కు నేరుగా మధ్యగదిలోకి వెళ్ళాడు. ఏడాదిలో అదే మొదటిసారి.

"నాన్నా, నీ ఫోన్‌కి షాపు నుంచి మెసేజ్‌లు వచ్చాయా?"

పెద్దాయన మంచం మీంచి గబుక్కున లేచి నిలబడ్డాడు. "నేనేం నొక్కలేదురా! ఒట్టు! దేన్నీ నొక్కలేదు!"

"అది కాదు నాన్నా..."

"కావాలంటే నువ్వే చూడు." ఫోన్ కొడుకు ముందుకి చాచాడు. "నువ్వు అరిచిన రోజు నుంచీ ఏ మెసేజ్ వచ్చినా తెరవను కూడా తెరవట్లేదు. వచ్చింది వచ్చినట్టే తుడిచేస్తున్నా. ఆ రోజు రాత్రి కూడా టింగుమని మోగితే, మళ్ళీ ఆ దొంగవెధవలేమోనని వణుక్కుంటూ తీసేశా."

కొడుకు మంచం మీద కూలబడ్డాడు.

"ఆ రాత్రి వచ్చింది దొంగలది కాదు నాన్నా. నాది."

"నీదా? నువ్వెందుకు పంపావు?"

"ఎదురుగా వచ్చి చెప్పడానికి మొహం చెల్లలేదు. మెసేజ్ పెట్టా. నువ్వు చదివి కూడా పలకలేదనుకున్నా. ఇంక నన్ను క్షమించవనుకున్నా."

"నేనేమో నీకే కోపం తగ్గలేదనుకున్నానురా!"

"ఇంతకీ ఏం రాశావు అందులో?"

కొడుకు తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. "తప్పయిపోయింది నాన్నా. అంతమందిలో నిన్ను అలా అనకూడదు" అంటూ చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు.

"ఈమాత్రం దానికి మెసేజ్ ఎందుకురా? పక్కగదిలోనే ఉన్నాగా నేను!" అని పెద్దాయన కొడుకు తలని గుండెలకు అదుముకున్నాడు. ఆయన కళ్ళూ ఆగలేదు.

గుమ్మంలో నిలబడ్డ కోడలు అరచేత్తో మొహం తుడుచుకుంది. అంతలో పెద్దాయన ఫోన్ టింగుమంది. "మామయ్య గారూ, లింకు వచ్చింది చూడండి. గడువు ఇవాళే."

పెద్దాయన వేలు గాలిలో ఆగింది. "నొక్కనా?"

"నొక్కు నాన్నా. పక్కనే ఉన్నాగా."

నొక్కాడు. వారంలో డబ్బు పడుతుందని వచ్చింది. ఈసారి నిజంగానే పడుతుందో లేదో ఎవరికి తెలుసు! ఆ సంగతి ఎవరూ పట్టించుకునే స్థితిలో లేరు.

కోడలు వెళ్ళి మళ్ళీ మిషన్ ముందు కూర్చుంది. కాసేపటికి మొగుడు వచ్చి పక్కన నిలబడ్డాడు. చెయ్యి మెల్లగా జేబులోని ఫోన్ వైపు పోయింది.

"మెసేజ్ పెట్టారో, ఊరుకోను" అంది తలెత్తకుండానే. "నన్ను నోటితోనే అన్నారు. నోటితోనే చెప్పండి."

ఫోన్ వదిలేశాడు. గొంతు సవరించుకున్నాడు. "తప్పయిపోయింది" అన్నాడు, ఆమెకే వినపడీ వినపడనట్టు.

మధ్యగదిలోంచి పెద్దాయన కేకేశాడు. "గట్టిగా చెప్పరా! నాకు వినపడలేదు!"